ఎంగేజ్‌మెంట్, వ్యక్తిత్వం, పనితీరు: ఈ మూడింటి లెక్క మీ టీమ్‌లో మీరే తేల్చుకోవడం ఎలా?

హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు, టీమ్ లీడ్లు తిప్పి తిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. "సర్వేలో ఎంగేజ్‌మెంట్ బ్రహ్మాండంగా వచ్చింది, మరి టార్గెట్లు ఎందుకు తప్పుతున్నాం?" అనేది ఒకటి. "పర్సనాలిటీ టెస్టు పెట్టి తీసుకుంటే పనిమంతులే వస్తారా?" అనేది రెండోది. ఈ రెండింటికీ జవాబు బయటివాళ్లు వచ్చి చెప్పనక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, నాలుగైదు నెలల ఓపిక ఉంటే మీ దగ్గరే తేలిపోతుంది. అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఈ పని చెడిపోయేది ఎక్కువగా సర్వే ప్రశ్నల దగ్గర కాదు, పనితీరు కాలమ్ దగ్గర. అందరూ ప్రశ్నల మీద నెల రోజులు కూర్చుని, పనితీరుకు మాత్రం పోయినేడాది అప్రైజల్ రేటింగు తెచ్చి అతికిస్తారు.

లెక్కలు చూపించడానికి ఇక్కడ హైదరాబాద్‌లో 90 మంది, రెండు షిఫ్టులు ఉన్న కస్టమర్ సపోర్ట్ సెంటర్‌ను ఊహించుకుందాం. ఆ సెంటర్ అంకెలన్నీ పద్ధతి చూపడానికి వేసుకున్నవే.

తెలియాల్సినంత సిద్ధాంతం

ఎంగేజ్‌మెంట్ అంటే ఉద్యోగం నచ్చడం కాదు, పనిలో మనసు పెట్టడం. ఆఫీసు ఇంటికి దగ్గర, పని తేలిక, జీతం టైముకు పడుతుంది కాబట్టి హాయిగా ఉన్న మనిషికి సంతృప్తి నిండా ఉంటుంది, ఎంగేజ్‌మెంట్ ఉండాలని లేదు. 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు ఈ మాటను పరిశోధనలోకి తెచ్చారు. 2002లో షౌఫెలి, ఆయన సహచరులు దాన్ని మూడు ముక్కలుగా కొలిచారు: ఉత్సాహం, అంకితభావం, నిమగ్నత. యూట్రెక్ట్ స్కేల్ అని పేరు పడింది దానికే.

వ్యక్తిత్వానికి ఐదు గుణాల లెక్క వాడతారు. మన మాటల్లో చెప్పాలంటే పద్ధతి (పనిని క్రమంగా, శ్రద్ధగా చేసే గుణం), నిబ్బరం, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, కొత్తదాని మీద ఆసక్తి. 1991లో బారిక్, మౌంట్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడి కనిపించింది పద్ధతి ఒక్కటే. సేల్స్, మేనేజర్ ఉద్యోగాల్లో కలుపుగోలుతనం కూడా పనికొచ్చింది. కాకపోతే ఆ ముడి బలమైనదేమీ కాదు. వ్యక్తిత్వం ఏళ్ల తరబడి పెద్దగా మారదు, ఎంగేజ్‌మెంట్ మాత్రం పని పరిస్థితిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే మిగతా సిద్ధాంతం లేకపోయినా పని నడుస్తుంది.

కావాల్సినవి

- ఒకే రకం పని చేసే కనీసం 50 మంది, వీలైతే 85 పైన
- సర్వే తర్వాత మూడు నెలల పని రికార్డు (టికెట్లు, అంటే నమోదైన కస్టమర్ సమస్యలు; క్వాలిటీ ఆడిట్; మళ్లీ వచ్చిన కాల్స్)
- 10 నుంచి 14 ప్రశ్నల సర్వే, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ
- పేర్లకు బదులు కోడ్లు ఉన్న షీటు, దాన్ని దాచే ఒక మనిషి (ఆ మనిషి టీమ్ లీడ్ కాకూడదు)
- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ

డబ్బు పెట్టి టూల్ కొనక్కర్లేదు. వ్యక్తిత్వం ప్రశ్నలకు లూయిస్ గోల్డ్‌బర్గ్ మొదలుపెట్టిన ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్ అనే ప్రశ్నల భండారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు. గ్యాలప్ సంస్థ ఎంగేజ్‌మెంట్ సర్వే క్యూ12 ప్రశ్నలకు మాత్రం కాపీరైటు ఉంది, ఎక్కడో దొరికాయని దించుకోకండి. యూట్రెక్ట్ స్కేల్ కూడా వ్యాపారేతర పరిశోధనకే ఉచితం.

1. ఒకే పని చేసేవాళ్లను ఒక గుంపుగా తీసుకోండి

ఏజెంట్లను, ఆడిటర్లను, అకౌంట్స్ వాళ్లను ఒకే షీట్లో కలిపితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఆడిటర్లు సహజంగానే పద్ధతి మనుషులు, వాళ్ల పని లెక్క వేరు. ఆ తేడాయే సంబంధంలా కనిపిస్తుంది.

ఎంతమంది కావాలి? సంబంధాన్ని (కోరిలేషన్) −1 నుంచి +1 దాకా ఉండే అంకెతో చెబుతారు, సున్నా అంటే సంబంధమే లేదు. అది 0.2 అంత చిన్నదైతే పట్టుకోవడానికి దాదాపు 195 మంది, 0.3 అయితే 85, 0.4 అయితే 47 మంది ఉండాలి. సంబంధం నిజంగానే ఉన్నా అయిదింట ఒకసారి మన కంట పడకపోవచ్చు అని ఒప్పుకున్నాకే ఈ సంఖ్యలు. 40 మందితో 0.30 వచ్చిందనుకోండి, అసలు విలువ సున్నాకు కాస్త కింద నుంచి 0.56 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పు అంచనాతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

30 మంది కంటే తక్కువ ఉంటే సంబంధం లెక్క కట్టే పని మానేయండి. బదులుగా ఒక్కొక్కరితో అరగంట కూర్చుని ఒకే అయిదు ప్రశ్నలు అడగండి: ఏ పని చేస్తుంటే టైము తెలియదు, ఏ పని వాయిదా వేస్తారు, చేతికి ఏం అందక ఆగిపోతారు, తప్పు జరిగితే ఎవరికి చెప్పడానికి భయం, పోయిన నెల ఏ రోజు బాగా గడిచింది. చిన్న టీముల్లో ఈ పద్ధతి సర్వే కంటే ఎక్కువ చెబుతుంది.

2. పనితీరు కాలమ్ ముందు కట్టండి

అప్రైజల్ రేటింగు వాడకండి. కారణాలు మూడు. మొదటిది, చాలాచోట్ల ముప్పాతిక మందికి 3 పడుతుంది. అందరికీ ఒకే అంకె ఉన్న కాలమ్ దేనితోనూ ముడిపడదు. రెండోది, ఇన్ని శాతం మందికే ఈ రేటింగు అనే బెల్ కర్వ్‌లో ఇరికించడానికి చివరి రోజు ఒకరిని కిందికి తోస్తారు, అది పని లెక్క కాదు, కోటా లెక్క. మూడోది, హుషారుగా కనిపించే మనిషికి టీమ్ లీడ్ తెలియకుండానే ఎక్కువ వేస్తారు. అప్పుడు మీరు చూస్తున్నది ఎంగేజ్‌మెంట్‌కూ పనితీరుకూ సంబంధం కాదు, ఎంగేజ్‌మెంట్‌కూ టీమ్ లీడ్ అభిప్రాయానికీ సంబంధం.

దాని బదులు రెండు మూడు కొలతలు పెట్టుకోండి. సపోర్ట్ సెంటర్‌కైతే ఇవి:

- లాగిన్ గంటకు ముగించిన టికెట్లు (రోజుకు కాదు, రోజు లెక్క తీసుకుంటే సెలవులూ ఓవర్‌టైమూ కలిసిపోతాయి)
- ముగించాక 7 రోజుల్లో అదే కస్టమర్ మళ్లీ చేసిన కాల్స్ శాతం
- క్వాలిటీ ఆడిట్ స్కోరు, ఏజెంట్ పేరు దాచి వినిపించి వేయించింది

రెండో కొలత తప్పనిసరి. టికెట్ల సంఖ్య ఒక్కటే చూస్తే, సమస్య తీరకుండానే "రిజాల్వ్డ్" నొక్కేసేవాళ్లు పైకొస్తారు. అదే కస్టమర్ రెండ్రోజులకు మళ్లీ ఫోన్ చేస్తే ఆ టికెట్టు ఇంకొకరి లెక్కలో పడుతుంది. పద్ధతిగా పనిచేసే ఏజెంటు ఒక్కో కాల్ మీద మూడు నిమిషాలు ఎక్కువ పెట్టి ఒకేసారి తేల్చేస్తారు, సంఖ్యలో వెనకబడతారు. టికెట్ల లెక్క మాత్రమే చూసి "పద్ధతి ఉన్నవాళ్లు మా దగ్గర పనికిరారు" అని తేల్చిన రిపోర్టుల వెనక ఉండేది సాధారణంగా ఇదే.

తోటివాళ్లకు సాయపడటం, కొత్తవాళ్లకు నేర్పడం రికార్డుల్లో కనపడవు. ఎంగేజ్‌మెంట్ ప్రభావం పడేది వాటి మీద కూడా. వాటికి టీమ్ లీడ్‌ను మూడు సూటి ప్రశ్నలు అడగండి. "మంచి టీమ్ ప్లేయరా?" అని కాదు, "పోయిన నాలుగు వారాల్లో అడక్కుండా తోటివాళ్ల కాల్ ఎన్నిసార్లు అందుకున్నారు?" అన్నట్టు. ఈ స్కోరును వేరే కాలమ్‌లో ఉంచండి, టికెట్లతో కలపకండి. హాజరు కూడా వేరుగానే. జ్వరం వచ్చి మానేసినదాన్ని పనితీరు ఖాతాలో వేయకూడదు.

ఇక షిఫ్టుల తేడా తీసేయాలి. ఒక్కొక్కరి అంకె నుంచి వాళ్ల షిఫ్టు సగటు తీసేసి, ఆ షిఫ్టు (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే) స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి. గంటకు 6 టికెట్లు ముగించేవాళ్లు ఇద్దరున్నారు. నైట్ షిఫ్టు సగటు 5.2, డీవియేషన్ 0.8 అయితే అక్కడి మనిషికి ప్లస్ 1.0. పగటి షిఫ్టు సగటు 6.4, డీవియేషన్ అదే 0.8 అయితే ఇక్కడి మనిషికి మైనస్ 0.5. చేసిన పని ఒకటే అయినా స్థానం వేరు.

మీది బట్టల షోరూమ్ అయితే బిల్లు మొత్తం తీసుకోకండి, పట్టు సెక్షన్‌లో నిలబడ్డవాళ్లే ఎప్పుడూ గెలుస్తారు. సెక్షన్ సగటుతో పోల్చండి. ఆషాఢం సేల్ వారాలనూ శ్రావణ మాసం పెళ్లిళ్ల వారాలనూ మామూలు వారాలతో కలపొద్దు.

3. ఎంగేజ్‌మెంట్ ప్రశ్నలు రాసుకోండి

ఆరు చాలు, ఒక్కో ముక్కకు రెండు. జవాబు 0 (ఎప్పుడూ లేదు) నుంచి 6 (రోజూ) దాకా. "అంగీకరిస్తాను, అంగీకరించను" కంటే "ఎంత తరచుగా" అని అడగడం మేలు, మొహమాటం కొంత తగ్గుతుంది. పోయిన నాలుగు వారాలకే పరిమితం చేయండి.

ఉత్సాహానికి: "షిఫ్టుకు బయల్దేరేటప్పుడు హుషారుగా అనిపించింది", "షిఫ్టు చివరి గంటలో కూడా ఓపిక మిగిలింది". అంకితభావానికి: "నేను చేసిన పని ఎవరికో పనికొచ్చింది అనిపించింది", "నా పని గురించి ఇంట్లో వాళ్లకు ఇష్టంగా చెప్పాను". నిమగ్నతకు: "పని చేస్తుంటే టైము ఎలా గడిచిందో తెలియలేదు", "పక్కన ఏం జరుగుతున్నా ధ్యాస పని మీదే ఉంది".

అనువాదంలో ఇక్కడ పెద్ద గొయ్యి ఒకటుంది. నిమగ్నతకు చాలామంది "పనిలో మునిగిపోతాను" అని రాస్తారు. తెలుగులో ఎవరైనా "పనిలో మునిగిపోయానండీ" అంటే ఊపిరాడటం లేదని అర్థం. అలా రాసిన ప్రశ్నకు బాగా అలిసిపోయినవాళ్లే 6 పెడతారు, మీ స్కోరు తలకిందులవుతుంది. ప్రశ్నలు రాశాక టీమ్‌లో లేని ఇద్దరికి చూపించి, "ఇది చదివితే మీకేం అర్థమైంది?" అని సొంత మాటల్లో చెప్పించుకోండి. పావుగంట పని.

"మీ మేనేజర్ బాగా చూసుకుంటారా?", "క్యాబ్ టైముకు వస్తుందా?" లాంటివి ఈ ఆరింట్లో కలపకండి. అవి కారణాలు, ఎంగేజ్‌మెంట్ కాదు. వేరే పేజీలో అడగండి, 10వ మెట్టులో పనికొస్తాయి.

4. వ్యక్తిత్వంలో ఒకటి, మహా అయితే రెండు గుణాలే కొలవండి

ఐదూ కొలిస్తే షీటు నిండుగా కనిపిస్తుంది, తప్పుడు ఆనవాళ్లూ అంతే నిండుగా వస్తాయి. పద్ధతి ఒక్కటి తీసుకోండి. సేల్స్ అయితే కలుపుగోలుతనం కలపండి. నిబ్బరం ప్రశ్నలు ("తరచూ దిగులుగా ఉంటుందా" లాంటివి) ఆఫీసు సర్వేలో పెట్టొద్దనే నా సలహా. జనం వాటిని ఆరోగ్యం గురించిన ఆరాగా తీసుకుంటారు, ఆ అనుమానం మిగతా జవాబులన్నిటికీ పాకుతుంది.

ఐటమ్ పూల్ నుంచి తీసిన మినీ వెర్షన్‌లో పద్ధతికి నాలుగు వాక్యాలున్నాయి. జవాబు 1 నుంచి 5. తెలుగులో ఇలా పెట్టుకోవచ్చు:

- చేయాల్సిన చిన్న చిన్న పనులు వెంటనే చేసేస్తాను
- వాడిన వస్తువు తిరిగి దాని చోట పెట్టడం తరచూ మర్చిపోతాను (తిప్పి లెక్కించాలి, ఎలాగో 7వ మెట్టులో)
- ఏది ఎక్కడుండాలో అక్కడ ఉంటేనే నాకు నచ్చుతుంది
- చేసే పనిని గందరగోళం చేసుకుంటాను (తిప్పి లెక్కించాలి)

మొదటి వాక్యం అసలులో ఇంటి పనుల గురించి ఉంటుంది. దాన్ని "ఇంటి పనులు" అని యథాతథంగా పెడితే మన దగ్గర అది పద్ధతిని కాదు, ఆ ఇంట్లో వంటింటి పని ఎవరిదో కొలుస్తుంది. మగవాళ్ల స్కోరు ఊరికే పడిపోతుంది. అలాగే కలుపుగోలుతనం ప్రశ్నల్లో "పార్టీలు" అని ఉన్నచోట "పెళ్లిళ్లు, ఫంక్షన్లు" అని మార్చుకోండి. "క్రమశిక్షణ గల వ్యక్తిని" లాంటి బడి మాటలు వద్దు, అందరూ 5 పెడతారు.

మనుషులను పదహారు రకాలుగా విడగొట్టే ఎంబీటీఐ లాంటివి ఈ పనికి రావు. నియామకాలకు వాడొద్దని ఆ టెస్టు తరఫువాళ్లే చెబుతారు.

5. కోడ్లు, ఒప్పుకోలు

సర్వేను రికార్డులతో కలపాలంటే ఎవరి జవాబు ఏదో ఎక్కడో ఒకచోట తెలియాలి. కాబట్టి ఇది "పేరు తెలియని సర్వే" కాదు. అలా అని చెప్పి కోడ్లతో కలపడం అబద్ధం. ఒక్కసారి బయటపడితే ఆ టీమ్‌లో ఇంకే సర్వేకూ నిజం రాదు. ఉన్నదున్నట్టు రాయండి: "మీ పేరు టీమ్ లీడ్‌కు, మేనేజర్‌కు తెలియదు. కోడ్ షీటు ఫలానా ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఎవరి ఇంక్రిమెంటుకూ, ప్రమోషన్‌కూ వాడం. ఇష్టం లేకపోతే నింపక్కర్లేదు." దేనికి తీసుకుంటున్నారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారమూ సరైన దారే. ఫలితాలను 10 మంది కంటే చిన్న గుంపుగా విడదీసి ఎక్కడా చూపకండి. "నైట్ షిఫ్టు, ఆడవాళ్లు, ఏడాదిలోపు సర్వీసు" అనగానే ముగ్గురే మిగులుతారు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

6. సర్వే ముందు, పనితీరు తర్వాత

సర్వే ఒక వారంలో ముగించి, ఆ తర్వాతి మూడు నెలల రికార్డు తీసుకోండి. ఇంక్రిమెంటు లెటర్లు ఇచ్చిన వారం, నెలాఖరు, సంక్రాంతి సెలవులకు ముందు వెనక పది రోజులు వద్దు.

7. షీటు శుభ్రం చేయండి

తిప్పి లెక్కించాల్సిన వాక్యాలకు 6 లోంచి జవాబు తీసేయండి. 1–5 స్కేల్‌లోనూ 0–6 స్కేల్‌లోనూ కుదిరేది 6 నుంచే, ఇది కాకతాళీయం. 1–7 పెట్టుకుంటే 8 లోంచి తీయాలి. అన్నిటికీ ఒకే అంకె పెట్టినవాళ్లను, తిప్పిన వాక్యాలకు కూడా అదే పెట్టి ఉంటే, తీసేయండి. ఎంతమందిని తీశారో రాసుకోండి. పదిలో ఇద్దరి కంటే ఎక్కువైతే లోపం వాళ్లది కాదు, సర్వేది. ఎవరో పక్కన నిలబడి నింపించి ఉంటారు.

ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడటానికి క్రోన్‌బాక్ ఆల్ఫా కట్టండి. ఎక్సెల్‌లో ఒక్కో ప్రశ్న వేరియన్స్ (జవాబులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) తీసి కూడండి. ఒక్కొక్కరి మొత్తం స్కోరు వేరియన్స్ విడిగా తీయండి. ఆరు ప్రశ్నల వేరియన్స్‌ల మొత్తం 6, మొత్తం స్కోరు వేరియన్స్ 18 అనుకుంటే: 6ను 5తో భాగిస్తే 1.2; 1 లోంచి 6/18 తీసేస్తే 0.667, రెండింటినీ గుణిస్తే 0.80. 0.70 దాటితే నిశ్చింత. నాలుగే ప్రశ్నలున్న పద్ధతి స్కోరుకు 0.60 వచ్చినా నడుస్తుంది. 0.40 దగ్గరో, మైనస్‌లోనో వస్తే నూటికి తొంభై పాళ్లు తిప్పి లెక్కించడం మర్చిపోయి ఉంటారు.

8. ముందు బొమ్మ, తర్వాత అంకె

ఎంగేజ్‌మెంట్ అడ్డంగా, పనితీరు నిలువుగా పెట్టి చుక్కల గ్రాఫ్ గీయండి. దూరంగా ఒంటరిగా ఉన్న రెండు చుక్కలే గీతను లాగుతుండొచ్చు. ఆ రెండూ తీసి మళ్లీ చూడండి. బొమ్మ చూశాకే సంబంధం లెక్కకట్టే కోరెల్ ఫంక్షన్ కొట్టండి.

మన 90 మందికి ఇలా వచ్చాయనుకుందాం: ఎంగేజ్‌మెంట్–పనితీరు 0.35, పద్ధతి–పనితీరు 0.25, పద్ధతి–ఎంగేజ్‌మెంట్ 0.40. చాలామంది ఇక్కడితో ఆపి స్లైడ్లు చేసేస్తారు. కానీ పద్ధతి మనుషులు సహజంగానే పని మీద మనసు పెడతారు, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కప్పుకుని ఉన్నాయి. విడదీయండి. 0.35 లోంచి 0.25, 0.40ల లబ్ధం 0.10 తీసేస్తే 0.25. దీన్ని (1 − 0.0625), (1 − 0.16)ల లబ్ధానికి వర్గమూలంతో, అంటే 0.887తో భాగిస్తే 0.28. పద్ధతిని పక్కనపెట్టినా ఎంగేజ్‌మెంట్‌కు మిగిలిన ముడి అది. అదే లెక్క అటునుంచి చేస్తే పద్ధతికి మిగిలేది 0.13. పద్ధతి వల్ల వచ్చే మేలులో కొంత ఎంగేజ్‌మెంట్ దారిలోనే వస్తోందన్నమాట. అమెరికాలో 245 మంది అగ్నిమాపక సిబ్బందిపై 2010లో వచ్చిన రిచ్, లెపైన్, క్రాఫర్డ్ అధ్యయనంలోనూ ఇలాంటి దారే కనిపించింది. తమ మీద తమకున్న నమ్మకం పనితీరులోకి వచ్చింది ఎంగేజ్‌మెంట్ మీదుగానే.

మేనేజ్‌మెంట్‌కు 0.35 అని చెబితే "35 శాతమా?" అంటారు. కాదు. ఇలా చెప్పండి: ఎంగేజ్‌మెంట్‌లో పై సగంలో ఉన్న 100 మందిలో 61 మంది పనితీరులోనూ పై సగంలో ఉంటారు, 39 మంది కింది సగంలో ఉంటారు. సంబంధమే లేకపోతే 50–50 ఉండేది. 0.2 అయితే 56–44. ఈ 39 అనే అంకె వినగానే సర్వే స్కోరు చూసి మనుషులను ఏరాలన్న ఉత్సాహం చల్లారుతుంది. పైగా 90 మందితో వచ్చిన 0.35కు అసలు విలువ 0.15, 0.52 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని కూడా స్లైడ్ మీద రాయండి.

9. వచ్చిన ఫలితం నిజమో కాదో పరీక్షించండి

నాలుగు పరీక్షలు. మొదటిది టీమ్ లీడ్ పరీక్ష. ఒక మంచి లీడ్ కింద అందరూ హుషారుగా ఉంటారు, తేలిక కాల్స్ కూడా ఆ టీమ్‌కే పడుతుంటాయి. అప్పుడు సంబంధం మనుషుల మధ్యది కాదు, టీముల మధ్యది. ఒక్కొక్కరి రెండు స్కోర్ల నుంచీ వాళ్ల టీమ్ సగటు తీసేసి మళ్లీ కోరెల్ కొట్టండి. 0.35 కాస్తా 0.10కి పడితే మీరు చూడాల్సింది ఏజెంట్లను కాదు, లీడ్లను, కాల్స్ పంచే పద్ధతిని.

రెండోది వెనక్కి చూసే పరీక్ష. సర్వేకు ముందు మూడు నెలల పనితీరుతో కూడా కోరెల్ కట్టండి. అది తర్వాతి మూడు నెలల అంకె కంటే ఎక్కువ వస్తే, బాగా పనిచేసి ఇన్సెంటివ్ తీసుకున్నవాళ్లకే హుషారు వచ్చిందేమో అనుమానించాలి. గెలిచినవాళ్లకు ఆట మీద ఇష్టం పెరుగుతుంది కదా.

మూడోది వెళ్లిపోయినవాళ్ల లెక్క. మనసు లేనివాళ్లు ఆ మూడు నెలల్లోనే మానేస్తారు, మీ షీట్లోంచి జారిపోతారు. మిగిలినవాళ్లంతా ఓ మోస్తరు స్కోర్లవాళ్లే కాబట్టి సంబంధం ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. వెళ్లినవాళ్ల సర్వే సగటును విడిగా చూపండి.

నాలుగోది సగం–సగం పరీక్ష. కోడ్లలో సరి సంఖ్యలవాళ్లకూ బేసి సంఖ్యలవాళ్లకూ విడివిడిగా కట్టండి. ఒకచోట 0.5, ఇంకోచోట సున్నా వస్తే ఏ నిర్ణయమూ తీసుకోకండి, రెండో విడత దాకా ఆగండి.

ఒకవేళ పనితీరు కొలతలు ఏవీ దొరక్క, ఉద్యోగినే "మీ పని ఎలా ఉంది?" అని అదే ఫారంలో అడిగితే 0.5, 0.6 తేలిగ్గా వస్తాయి. మురిసిపోకండి. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే మూడ్‌లో రెండు ప్రశ్నలకూ జవాబిచ్చారు, అంతే.

10. ఫలితాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఉన్నవాళ్ల విషయంలో వ్యక్తిత్వాన్ని మార్చే పని పెట్టుకోకండి. ఎంగేజ్‌మెంట్‌ను తగ్గించే పరిస్థితులను మార్చండి. వేరే పేజీలో అడిగిన కారణాల ప్రశ్నల్లో ఎంగేజ్‌మెంట్‌తో ఎక్కువ ముడిపడినది, మీ చేతిలో ఉన్నది ఒక్కటి ఎంచుకోండి. నైట్ షిఫ్టులో ఉత్సాహం తక్కువ, రోస్టర్ (షిఫ్టుల పట్టిక) ముందురోజు రాత్రి వస్తోందని ఫిర్యాదు ఉంది అనుకోండి. సగం టీములకు రోస్టర్ ఏడు రోజుల ముందు ఇచ్చి, ఎనిమిది వారాలు చూడండి. మార్చిన టీముల్లో గంటకు టికెట్లు 5.2 నుంచి 5.6 అయ్యాయి. మార్చని టీముల్లో కూడా 5.3 నుంచి 5.5 అయ్యాయి. అంటే మీ మార్పు ఫలితం 0.4 కాదు, 0.2. రెండో గుంపు లేకపోతే ఆ మిగతా 0.2 కూడా మీ ఖాతాలోనే వేసుకునేవారు. ఫన్ ఫ్రైడేలు, బెలూన్లు, రంగోలీ పోటీలు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. రోస్టర్ సమస్యకు అవి మందు కాదు.

కొత్తవాళ్లను తీసుకునే విషయంలో పద్ధతి ప్రశ్నలను నమ్ముకోవద్దు. ఉద్యోగం కావాల్సిన మనిషి "వస్తువులు ఎక్కడ పెట్టానో మర్చిపోతాను" అని ఎందుకు రాస్తారు? 2022లో సాకెట్ బృందం ఎంపిక పద్ధతులన్నిటినీ మళ్లీ లెక్కకట్టినప్పుడు పద్ధతి టెస్టులకు పనితీరుతో సంబంధం 0.19 వచ్చింది, ముందే ప్రశ్నలు నిర్ణయించుకుని చేసే ఇంటర్వ్యూకు 0.42, పని నమూనా చేయించి చూడటానికి 0.33. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస, ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసిన కాగితం, ఇద్దరు విడివిడిగా మార్కులు వేయడం. దీనికి ఖర్చు లేదు. దాంతోపాటు ఇరవై నిమిషాలు నమూనా టికెట్లు ఇచ్చి చేయించండి.

ఒక్కొక్కరి సర్వే స్కోరును టీమ్ లీడ్‌కు ఇవ్వమని ఒత్తిడి తప్పకుండా వస్తుంది, "మంచికే" అంటారు. ఇవ్వకండి. 5వ మెట్టులో రాసిచ్చిన మాటకు అది విరుద్ధం. పైగా నూటికి 39 మందిని తప్పుగా అనుమానించే పరికరాన్ని ఒక మనిషి మీద తీర్పు చెప్పడానికి ఇచ్చినట్టవుతుంది.

11. రెండో విడత

ఆరు నెలలకు అవే ప్రశ్నలు, అవే మాటలు, అదే వరుసలో మళ్లీ అడగండి. ఒక ప్రశ్న బాగా లేదనిపించినా మార్చకండి, కొత్తదాన్ని చివర అదనంగా చేర్చండి. మాట మారితే స్కోరు మారింది మనుషుల్లోనో ప్రశ్నలోనో చెప్పలేం. పద్ధతి ప్రశ్నలు అందరినీ మళ్లీ అడగనక్కర్లేదు, కొత్తగా చేరినవాళ్లను అడిగితే చాలు. ఈసారి చూడాల్సింది స్కోరు కాదు, తేడా: ఎంగేజ్‌మెంట్ పెరిగినవాళ్లలో ఆ తర్వాతి మూడు నెలల పనితీరు కూడా పెరిగిందా? వ్యక్తిత్వం రెండు విడతల్లోనూ ఒకటే కాబట్టి ఈ లెక్కలో అది చాలావరకు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. మొదటి విడతలోని 0.35 కంటే ఇక్కడ వచ్చే అంకె చిన్నగా ఉంటే కంగారు పడకండి, ఎక్కువ నమ్మదగింది ఇదే.

రెండో విడత లెక్క ముగిసిన వారంలోపే కోడ్ షీటు తీసేయండి. ట్రాష్ ఫోల్డర్, మెయిల్ అటాచ్‌మెంట్లు, ల్యాప్‌టాప్ బ్యాకప్ కూడా చూసుకోండి. తీసేసిన తేదీ రాసి టీమ్ మొత్తానికి ఒక్క లైను మెయిల్ పెట్టండి, దాని కిందే సర్వే తర్వాత మార్చినవి ఏవో రెండు లైన్లలో రాయండి.